మే నెలలో మొగ దగ్గర

జనవరిలో తీసుకెళ్తానన్నాను.
జనవరిలో ఓవర్‌టైము.
ఫిబ్రవరిలో కన్వేయరు బెల్టు తెగింది.
మార్చిలో దాని పరీక్షలు.
ఇవాళ రోహిణి కార్తె రెండో రోజు.
గాజువాకలో కోడి కంటే ముందు లేచి
రెండు బస్సులు మారి
భీమిలి చివర, గోస్తని సముద్రంలో కలిసే చోట
హైమా నేనూ దిగాం.

నా మెడలో బైనాక్యులర్స్.
పక్క క్వార్టర్లో నేవీ ఆయన అరువిచ్చినవి.
ఒక కంట్లో బూజు.
రెండో కంట్లోంచి మాత్రం
లంగరేసిన ఓడ మీద తుప్పు కూడా కనిపిస్తుంది.

దాని చేతిలో రూళ్ల నోట్సు.
స్కేలు పెట్టి గీసిన గళ్లు:
పిట్ట పేరు. ఎన్ని. ఏం చేస్తోంది.
పేర్లు రాత్రే రాసేసుకుంది,
తెలుగులో దొరకనివాటికి తనే పెట్టి:
ఉల్లంకి, వంకర ముక్కుది, ఎర్ర కాళ్లది,
రాళ్లు తిప్పి చూసేది.
'ఏం చేస్తోంది' గడి మిగతావాటికంటే వెడల్పు,
చాలా రాయాల్సి వస్తుందని.

బురద ఉంది.
పాటు నీళ్లు లాగేసుకున్నాక మిగిలిన
మెత్తటి, మెరిసే, అన్నీ సిద్ధంగా ఉన్న బురద.
పీతల కన్నాలున్నాయి.
వేట నిషేధానికి ఒడ్డెక్కి ఒరిగిన బోట్లున్నాయి.
ఎడమ కాలి చెప్పు ఒకటి ఉంది.

ఆరున్నర. ఏడు. ఏడుంపావు.
ఎండ అప్పులవాడిలా వచ్చి
ఎదురుగా కూచుంది.

"నాన్నా, అదిగో!"
నీటి అంచున తెల్లగా, చిన్నగా.
అలొచ్చినప్పుడల్లా వెనక్కి ఉరుకుతోంది,
అల పోగానే దాని వెంట ముందుకి.
అచ్చం పుస్తకంలో రాసినట్టే.
మోచేతులు కాలుతున్నా ఊపిరి బిగబట్టి
పాకి, ఆగి, పాకి
పది గజాల దగ్గరికి వెళ్లాం.
థర్మోకోల్ ముక్క.
ఎవరింటి ఫ్రిజ్జు పెట్టెలోదో.

బోటు నీడలో వల బాగుచేసుకుంటున్న ముసలావిడ
ఇంతసేపూ మమ్మల్నే చూస్తోందట.
"ఏటి ఎతుకుతన్నారు బాబూ, ఉంగరం గానీ పోనాదా?"
పిట్టల కోసం అన్నాను, గొంతు తగ్గించి.
"ఉల్లంకులా? అవి సలికాలం సుట్టాలు కాదేటి!
ఎప్పుడో ఎల్లిపోనాయి.
ఈ ఎండలో ఎవులుంటారు,
మరో సోటు నేనోల్లు తప్ప."
మా సీసా ఖాళీ అయిందని చూసి
తన కుండలోంచి పోసింది.
కొంచెం ఉప్పగా ఉన్నాయి. తాగాం.

అవి ఈపాటికి ఉత్తరాన
మంచు కరిగే చోటికి చేరి
గుడ్లు పెట్టుకుంటూ ఉంటాయని
హైమ నాకు చెప్పింది, పీత కన్నాన్ని పుల్లతో కెలుకుతూ.
నాకు తెలీదు.
దానికి తెలుసు. రాత్రి గళ్లు గీసేటప్పుడే తెలుసు.
"మరెందుకొచ్చావే?"
"నీకు సెలవు దొరికిందిగా."

బైనాక్యులర్స్ అద్దాలు చొక్కాతో తుడిచాను,
చాలాసేపు.
బూజు లోపలుంది.

వెనక్కి నడుస్తుంటే
రెల్లు దుబ్బుల పక్కనుంచి తీతువుల జంట లేచి
మా నెత్తి మీద తిరుగుతూ తిట్లు లంకించుకుంది.
ఆ అరుపు వింటే పని చెడుతుందని
మా అమ్మ గుమ్మం దాటేది కాదు.
చెడాల్సింది ఎలాగూ చెడింది కాబట్టి
నిలబడి చివరిదాకా విన్నాను.
ఇంత దూరం వచ్చినందుకు
మమ్మల్ని పట్టించుకున్న పిట్టలు అవి రెండే.

తిరుగు బస్సులో సీటు పెనం.
హైమ నా భుజం మీద వాలి నిద్రపోయాక
ఒళ్లో జారిపోతున్న నోట్సు తీసి చూశాను.

ఉల్లంకి: సున్నా.
వంకర ముక్కుది: సున్నా.
తీతువులు: రెండు. తిడుతున్నాయి.
కాకులు: లెక్కపెట్టలేదు.
థర్మోకోల్: ఒకటి. పరిగెడుతోంది.
నాన్న: ఒకటి.
పక్కన వెడల్పాటి గడి
ఖాళీగా వదిలేసింది.

రుషికొండ దగ్గర బస్సు మలుపు తిరిగి
ఎండ మా కిటికీలోకి దూకింది.
నోట్సు మూయకుండానే
దాని మొహానికి అడ్డం పట్టుకున్నాను,
మద్దిలపాలెం దాకా.